అంచనాయు తీర్పును

రాబోవు దినమున ఏమి జరుగునో ముందుగా తెలిసికొనవలెనను కోరిక మనుష్యునకు సహజము. వాన కురియునా కురియదా యని రైతు ఆకాశమువంక చూచును. ధర పెరుగునా తరుగునా యని వర్తకుడు లెక్క వేసికొనును. కొమారుడు పరీక్షలో గట్టెక్కునా యని తల్లి దిగులుపడును. ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగశ్రవణము విని, తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని లెక్కించుకొనని గృహములు మనలో నేటికిని కొద్ది. చదువుకొన్నవారు దీనిని చూచి నవ్వుదురు. నవ్వుట సులభమే. కాని నవ్విన వెనుక ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. రాబోవుదానిని గూర్చి చెప్పు మాటలలో ఏది మన బుద్ధికి తగినది, ఏది తగనిది? అందును, ఇంకను ఎదుగుచున్న యువకులను గూర్చి మనము ముందుగా ఎంతవరకు చెప్పవచ్చును? చెప్పిన మాట తప్పినప్పుడు ఆ ఋణము ఎవరు తీర్పవలెను?

ఈ ప్రశ్నను విచారించుటకు దూరదేశపు ఆట నొకదానిని తీసికొనుచున్నాను. ఆటల ముచ్చట ఈ పుటల కేల యని చదువరులు శంకింపవచ్చును. మన నిత్యజీవితములో చెప్పుకొను జోస్యములు చాలవరకు పరీక్షకు రావు. చెప్పినవాడు మరచును, విన్నవాడును మరచును. ఫలించిన ఒకటి రెండు మాత్రము కథలై నిలుచును. అమెరికాదేశపు కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటయందు అట్లు కాదు. అక్కడ ఏటేట ఆటలు మొదలు కాకమునుపే, ఈసారి ఏ జట్టు ఎట్లుండునో తెలిసినవారు వ్రాసి ప్రకటింతురు. ఆరు నెలలు తిరుగకమునుపే ఆ మాటల నిజానిజములు లోకమునెదుట తేలిపోవును. జోస్యమనుదానిని పరీక్షించి చూచుటకు ఇంతకన్న మంచి తావు అరుదు. పైగా ఆ జోస్యము చెప్పబడుచున్నవారు పదునెనిమిది, ఇరువదేండ్ల ప్రాయపు విద్యార్థులు. కావున మన ప్రశ్నలోని ధర్మసంకటము కూడ అందు ఇమిడియున్నది.

ఆ ఆట పుట్టుక చిత్రమైనది. మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున ఆరుబయట ఆడుటకు వీలులేక విసిగియున్న తన విద్యార్థులకై, పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల రెండు కొసలందు ఎత్తున బిగించి, పదుమూడు నిబంధనలు వ్రాసి, కొత్త ఆటను కల్పించెను. నేడు ఆ దేశమున మొదటి శ్రేణికి చెందిన కళాశాలల పురుషుల జట్లే 350కి పైగా నున్నవి. నవంబరు మొదట ఆటలు ఆరంభమగును. మార్చి నెలలో మేలైన జట్లను ఏర్చి జాతీయ పోటీ నడపుదురు. అందు ఒక్క ఆట ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసినదే. 1939లో ఈ పోటీ మొదలైనప్పుడు 8 జట్లే యుండెను. 1985లో 64, 2011లో 68 ఆయెను. ఏప్రిల్ తొలిదినములలో తుదకు ఒక్క జట్టు మాత్రము ఓటమి లేక నిలుచును.

అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ 1949 మొదలు క్రీడావిలేఖరుల ఓట్లతో ఈ జట్లకు వరుస కట్టుచున్నది. ఒక్క ఆటయైనను ఆడకమునుపే వరుస కట్టు ఆచారము 1961లో వచ్చెను. ఇప్పుడు ఆ వరుసలో 25 జట్లకు చోటు కలదు. దీనిని మన పంచాంగశ్రవణముతో పోల్చి కొట్టివేయుటకు వీలులేదు. ఇది ఊరక చెప్పు మాట కాదు. ఆటస్థలమున నిలుచువారు జట్టుకు ఐదుగురే. వారిలో ఒకడు పట్టము పుచ్చుకొని వెడలినను, కాలు బెణికి కూర్చుండినను జట్టు రూపమే మారును. కావున పోయిన యేటివారిలో ఎవరు మిగిలిరి, ఎవరు వెడలిరి, కొత్తగా వచ్చినవారెవరు, శిక్షకుడు వెనుకటివాడేనా యని మొదట విచారింతురు. ఆపైన లెక్క. బలహీనులపై ఇరువది గెలుపులకంటె బలవంతులపై పది గెలుపులు మిన్న కావచ్చును. ఈ లెక్కలకు పేరుగాంచిన కెన్ పొమెరాయ్ అను నతడు వాతావరణ శాస్త్రజ్ఞుడుగా పనిచేసినవాడు. బంతి నూరుసార్లు చేతికి వచ్చినచో ఒక జట్టు ఎన్ని పాయింట్లు సంపాదించును, ఎదుటివారికి ఎన్ని ఇచ్చుకొనును అని చూచి, ఎదిరిన జట్ల బలమునుబట్టి ఆ సంఖ్యలను సవరించుట అతని పద్ధతి. రేపు వాన వచ్చునని గట్టిగా చెప్పక, వాన వచ్చుటకు నూటికి డెబ్బది పాళ్లు అవకాశము కలదని చెప్పు శాస్త్రమునందలి వినయము ఈ లెక్కలకును అబ్బినది.

ఇంత శ్రద్ధతో కట్టిన అంచనాల గతి యేమి? 2022వ సంవత్సరపు శరత్కాలమున ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయపు జట్టునకు విలేఖరులు మొదటి స్థానమిచ్చిరి. ఆ యేటి వసంతమున ఆ జట్టు తుదిపోటీ దాక వెళ్లి, కాన్సస్ జట్టు చేతిలో 72–69గా ఓడియుండెను. ముఖ్యులైన ఐదుగురిలో నలుగురు తిరిగి వచ్చిరి. అట్టి జట్టు ఇరువది ఆటలు గెలిచి, పదుమూడు ఓడి, జాతీయ పోటీకి పిలుపే పొందలేదు. 1985లో పోటీ 64 జట్లకు పెరిగిన పిమ్మట, మొదటి స్థానముతో బయలుదేరిన జట్టున కిట్లగుట అదియే మొదలు. అదే శరత్కాలమున కనెక్టికట్ జట్టునకు ఇరువదియైదు స్థానములలో ఒక్కటియు దక్కలేదు. 2023 ఏప్రిల్‌లో విజేత ఆ జట్టే. మరుసటి యేడు మరల గెలిచినదియు ఆ జట్టే. 2024లో కాన్సస్ జట్టునకు మొదటి స్థానమిచ్చిరి. అది జాతీయ పోటీలో తొలి యాటయందే వెనుదిరిగెను. ఇరువదియొకటవ స్థానముతో బయలుదేరిన ఫ్లోరిడా జట్టు 2025లో విజయము పొందెను.

తప్పు ఎక్కడ జరిగినది? ఉత్తర కరొలైనా విషయము చూడుడు. ఆ జట్టు 2022 జాతీయ పోటీలో తన భాగమునందు ఎనిమిదవ క్రమసంఖ్యతో ప్రవేశించినది. అనగా నాలుగు నెలల ఆట చూచినవారు దానిని సామాన్యముగానే ఎంచిరి. ఆపైన మూడు వారములు అది అద్భుతముగా ఆడెను. మరుసటి యేటి అంచనా కట్టినప్పుడు నాలుగు నెలలు మరపునకు వచ్చి, మూడు వారములే కన్నులయెదుట నిలిచెను. ఇది మనస్సునకు సహజమైన దౌర్బల్యము. దీనికి తోడు వేరొక నియమము కలదు. ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1886లో తలిదండ్రుల యెత్తును, పిల్లల యెత్తును పోల్చి చూచి, మిక్కిలి పొడగరుల బిడ్డలు సగటున పొడగరులే యైనను తలిదండ్రులంతవారు కారని కనుగొనెను. సగటునకు తలిదండ్రులు ఎంత మించియుందురో, బిడ్డలు అందులో సుమారు మూడింట రెండు వంతులే మించియుందురు. అసాధారణమైన ఫలితమునందు సామర్థ్యముతోపాటు అదృష్టము కూడ కొంత కలిసియుండును. మరుసటిసారి సామర్థ్యము నిలుచును గాని, అదృష్టము అదే పాలున తిరిగి రాదు. పొగడ్త పొందినవాడు మరునాడు కొంత తగ్గినచో గర్వముచే చెడెననియు, తిట్లు తిన్నవాడు కొంత మెరుగైనచో తిట్లవలన బాగుపడెననియు మనము తలంచుచుందుము. చాలసార్లు ఆ రెండును ఈ నియమపు లీలలే.

జాతీయ పోటీలోని ఫలితములన్నిటిని ముందుగా ఊహించి పట్టిక నింపుట అక్కడ ఇంటింట వేడుక. 64 జట్ల పోటీయందు 63 ఆటలుండును. ఆ పట్టికను నింపుటకు గల విధములు 92 వేల కోట్ల కోట్లకు పైమాట. అందు దోషము లేని పట్టిక యొకటియు ఇంతవరకు నిర్ధారణకు రాలేదు.

ఇది చూచి, అంచనా లన్నియు వ్యర్థములేయని తలంచువారు కలరు. అదియును పొరపాటే. ప్రతి భాగములోను మొదటి సంఖ్య గల జట్టును పదునారవ సంఖ్య గల జట్టుతో ఎదుర్కొల్పు ఆచారము పురుషుల పోటీలో 1985 మొదలు కలదు. 2025 వరకు అట్టివి 160 ఆటలు జరుగగా, 158 ఆటలలో మొదటి సంఖ్యవారే గెలిచిరి. గుడ్డిగా చెప్పు మాటకు ఇంతటి ఫలితము రాదు. మంచి అంచనాకును మూఢజోస్యమునకును గల భేదము ఇక్కడ స్పష్టమగును. అంచనా తప్పదని కాదు. తాను తప్పినప్పుడు తప్పితినని తెలిసికొనుటకు తగిన లెక్క అంచనా తనతో ఉంచుకొనును. మూఢజోస్యము అట్టి లెక్క ఉంచుకొనదు. రాజపూజ్యము ఐదని విన్నవాడు సంవత్సరాంతమున ఆ ఐదును ఎట్లు లెక్కింపవలెను? లెక్కింప వీలులేని మాట తప్పు కాజాలదు. తప్పు కాజాలని మాటవలన జ్ఞానము కలుగదు.

ఇంతవరకు బుద్ధికి సంబంధించిన విచారము. ఇక ధర్మవిచారము.

పైని చెప్పిన 160 ఆటలలో తారుమారైన రెండింటిలో మొదటిది 2018వ సంవత్సరము మార్చి నెలలో జరిగినది. అంతకుముందు 135 ఆటలలో ఒక్కసారియు అట్లు జరుగలేదు. ఆ దినమున దేశమునందెల్ల మొదటిదిగా ఎన్నబడిన వర్జీనియా జట్టును మేరీలండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖవారి జట్టు 74–54గా ఓడించెను. ఓడినవారు ఇరువదేండ్ల పిల్లలు. వారి పేరు ఆ రాత్రితో పరిహాసమునకు మారుపేరాయెను. ఆ రాత్రి జరిగినదానిని మాత్రమే చూచి వారి భావిని ఎవరైన చెప్పియుండినచో ఏమని చెప్పియుందురు? మరుసటి యేడు, ఆ జట్టువారిలో పలువురు, అదే శిక్షకునితో, జాతీయ పోటీ తుదియాటలో టెక్సస్ టెక్ జట్టును 85–77గా గెలిచి విజేతలైరి. రెండవది 2023లో జరిగినది. పర్డ్యూ జట్టు ఫేర్లీ డికిన్సన్ జట్టు చేతిలో 63–58గా ఓడెను. మరుసటి యేడు పర్డ్యూవారు తుదిపోటీ దాక వెళ్లిరి. కాని అక్కడ కనెక్టికట్ జట్టు చేతిలో ఓడిరి.

ఈ రెండు కథలను ప్రక్క ప్రక్కన ఉంచితిని. ఓడినవారెల్లరు తుదకు గెలుతురని నీతి చెప్పుట నా ఉద్దేశము కాదు, అది అసత్యము. ఓటమిని మనుష్యుడు ఏమి చేసికొనునో ముందుగా చెప్పు లెక్క లేదనుటయే నా తాత్పర్యము. నూరుసార్లు బంతి చేతికి వచ్చినచో ఎన్ని పాయింట్లు వచ్చునో లెక్క చెప్పగలదు. అవమానము పొందిన రాత్రి ఆ పిల్లవాడు ఏమి తలపోసెనో, మరునాడు వ్యాయామశాలకు ఏ మనస్సుతో వెళ్లెనో లెక్క చెప్పజాలదు. అతనికే అది అప్పటికి తెలియకపోవచ్చును.

ఇట్టి పరిమితి గల అంచనా తన పరిమితిని మరచి తీర్పుగా మారినప్పుడు పాపము పుట్టును. స్టీఫెన్ కర్రీ నేడు లోకమెరిగిన ఆటగాడు. ఉన్నత పాఠశాలలో సన్నగా, పొట్టిగా నున్న అతనిని పెద్ద కళాశాలలు కోరలేదు. డేవిడ్సన్ అను చిన్న కళాశాల చేర్చుకొనెను. 2008లో ఆ చిన్న కళాశాల జట్టు అతనితో జాతీయ పోటీలో చివరి ఎనిమిది జట్లలో నిలిచెను. డేవిడ్సన్ తలుపు కూడ మూసియుండినచో, పెద్దల అంచనా నేటికిని సరియైనదిగానే చెల్లుబాటగుచుండెడిది. ఎందుకనగా దానిని తప్పని చూపుటకు అతడు ఆడియుండెడివాడు కాడు.

స్త్రీల విషయములో ఈ సంగతి ఇంకను పెద్దది. నైస్మిత్ ఆట కల్పించిన కొలది నెలలకే, 1892లో, స్మిత్ కళాశాలయందు సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని తన విద్యార్థినులకు ఈ ఆట నేర్పెను. కాని స్త్రీల దేహము అంత శ్రమకు ఓర్వదని నాటి నమ్మిక. అందుచే ఆటస్థలమును భాగములుగా విభజించి, ఎవరి భాగము దాటి వారు పోరాదని నిబంధన చేసిరి. పరుగెత్తనీయనివారు పరుగెత్తలేరను మాటను ఎవరు కాదనగలరు? అయోవా రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో బాలికలకు ఆటస్థలమును రెండుగా చీల్చి ఆడించు పద్ధతి 1993 దాక పూర్తిగా పోలేదు. అదే అయోవా విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టు 2024లో తుదిపోటీ ఆడి, దక్షిణ కరొలైనా జట్టు చేతిలో ఓడినది. ఆ తుదిపోటీని టెలివిజనులో చూచినవారు పురుషుల తుదిపోటీని చూచినవారికంటె ఎక్కువ. నూరేండ్లు చెల్లిన ఆ పాత అంచనా ఎన్నడును నిజము కాదు. కంచె కట్టి దానిని నిజమువలె నిలిపిరి.

ఇందుండి వేరొక ఆలోచన కలుగుచున్నది. ఈ మధ్యకాలమున కళాశాల జట్లను గూర్చి అంచనా కట్టుట మునుపటికంటె కష్టమైనదని ఆ విద్య తెలిసినవారు వాపోవుచున్నారు. పూర్వము ఒక విద్యార్థి కళాశాల మారినచో ఒక సంవత్సరము ఆడకుండ కూర్చుండవలసియుండెను. శిక్షకుడు మాత్రము ఎక్కువ జీతమునకు మరుదినమే వేరొకచోట చేరవచ్చును. 2021లో ఆ నిర్బంధమును సడలించిరి. అదే సంవత్సరము జూలై నుండి విద్యార్థులు తమ పేరుప్రతిష్ఠలవలన ధనము ఆర్జించుటకు అనుమతి కలిగెను. 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందముచే కళాశాలలే వారికి నేరుగా ధనమిచ్చుటకు దారి యేర్పడెను. ఇప్పుడు ఒక జట్టులోని ముఖ్యులందరు ఒక్క వేసవిలో మారిపోవచ్చును. ఇందు ధనాశకు చోటు పెరిగినదనుటయు, జట్టునందలి మమత తరిగినదనుటయు కొంత నిజమే. కాని మునుపటి అంచనాల స్థిరత్వము దేనిమీద నిలిచియుండెనో గమనింపుడు. విద్యార్థి కదలలేకపోవుటమీద నిలిచియుండెను. కట్టివేసిన పశువు రేపు ఎక్కడ నుండునో చెప్పుటకు ప్రజ్ఞ అక్కరలేదు.

మన సంఘమునకు ఈ మాట కొత్త కాదు. ఒకప్పుడు మన యిండ్లలో ఎనిమిదేండ్ల ఆడుబిడ్డ భవిష్యత్తును అక్షరము తప్పక చెప్పగలిగియుండిరి: ఎప్పుడు పెండ్లి, ఎప్పుడు కాపురము, భర్త పోయినచో ఏ మూల జీవితము. ఆ జోస్యము తప్పలేదు. తప్పకుండుటకు కారణము జ్యోతిషముయొక్క మహిమయా? ఆ బిడ్డకు వేరు త్రోవ లేకపోవుటయా? వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినప్పుడు ఒక స్త్రీకి వివాహము జరుగుటయే గాక, అట్టి జోస్యములకెల్ల ఒక గండి పడినది. ఏ సంఘమున యువకుల భవిష్యత్తును పెద్దలు సులభముగా చెప్పగలరో, ఆ సంఘము తన జ్ఞానమును మెచ్చుకొనుటకు ముందు తన సంకెళ్లను పరీక్షించుకొనవలెను.

అంచనా చెడు మరియొక త్రోవ జూదము. ధర్మరాజు కథ విని పెరిగిన మనకు దీనిని గూర్చి విస్తరింపనక్కరలేదు. కాని ఈ జూదమున నొక విశేషము కలదు. ఎవరు గెలుతురను దానిపైనే గాక, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుతురను దానిపైనను పందెము కాయుదురు. అందుచే ఆటగానితో “ఓడిపొమ్ము” అని చెప్పనక్కరలేదు; “గెలువుము, కాని కొంచెము తక్కువగా గెలువుము” అన్న చాలును. పాపము చిన్నదిగా కనబడును. 1950లో జాతీయస్థాయి పోటీలు రెండింటిని ఒకే యేట గెలిచిన న్యూయార్కు సిటీ కళాశాల జట్టువారిలో కొందరు 1951లో ఈ లంచముల విషయమై నిర్బంధింపబడిరి. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 2018 మేలో ఇచ్చిన తీర్పుచే, క్రీడలపై పందెములను అనుమతించు అధికారము రాష్ట్రములకు కలిగెను. తరువాత పందెములు చేతిలోని ఫోనులోనికి వచ్చినవి. ఒక్కొక్క విద్యార్థి ఎన్ని పాయింట్లు చేయునను దానిపైనను పందెములు వ్యాపించినవి. అట్టివానిని నిషేధింపుడని కళాశాలల క్రీడాసంఘపు అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024 మార్చిలో రాష్ట్రములను కోరవలసివచ్చెను. సరదాకు అంచనా కట్టినవాడు తప్పినచో నవ్వుకొనును. పందెము కాచినవాడు తప్పినచో, తన తప్పును ఆ పిల్లవానిపై మోపి దూషించును. అప్పు పడినవాడు ఒకడు, వడ్డీ కట్టువాడు మరియొకడు.

“పిల్లలను గూర్చి ఏ యంచనాయు లేక ఎట్లు నడుపగలము? ఎవరిని జట్టులో చేర్చుకొనవలెనో శిక్షకుడు తేల్చుకొనవలదా? ఎవరికి ఏమి నేర్పవలెనో ఉపాధ్యాయుడు తేల్చుకొనవలదా?” అని చదువరు లడుగవచ్చును. తప్పక తేల్చుకొనవలెను. ఈ ప్రశ్నకు పైనుండి సమాధానము చెప్పు అర్హత నాకు లేదు. ఎందుకనగా నేను ఆ తప్పు చేసినవాడను.

పెక్కేండ్లు నేనొక కళాశాలలో ఇంటర్మీడియెట్ విద్యార్థులకు లెక్కలు చెప్పితిని. మార్కులనుబట్టి పిల్లలను విభాగములుగా విడదీయుట అక్కడి పద్ధతి. మొదటి విభాగమునకు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు, చివరి విభాగమునకు కొత్తవారు. సంవత్సరాంతమున మొదటివారు మొదటనే యుండిరి, చివరివారు చివరనే యుండిరి. మా అంచనా ఎంత సరియైనదో యని మేము సంతసించితిమి. ఒకనాడు చివరి విభాగపు బాలుని తండ్రి నా కడకు వచ్చి, “మావాడు గట్టెక్కునా మాస్టారూ?” అని అడిగెను. నేను మార్కుల పుస్తకము తెరచి చూచి, ఎక్కడని చెప్పితిని. ఫీజు కట్టుట భారమైన ఆ తండ్రి, మరుసటి నెలలో బాలుని చదువు మాన్పించి దుకాణమున కుదిర్చెను. ఏండ్లు గడచిన పిమ్మట ఒక ఇనుపసామానుల దుకాణములో అతడే నన్ను గుర్తించి నమస్కరించెను. నేను కొన్న పది వస్తువుల వెలలు, తరుగు, పన్ను కాగితము లేకయే కూడి చెప్పెను. నేను ఆశ్చర్యముతో చూచుచుండగా చిరునవ్వుతో, “మీరు చెప్పినట్లే అయిందండీ మాస్టారూ!” అనెను. అతని మాటలో నిష్ఠురము లేదు. ఉండినచో నాకు కొంత తేలికగా నుండెడిది. నా మాట ఫలించినదా? అతడు పరీక్షకే పోలేదు. కావున నా మాట తప్పు కాలేదు, అంతే.

ఆ దినము మొదలు నాలో నేను ఏర్పరచుకొన్న నియమములు మూడు. ఒకటి: ఎవరినైన గూర్చి అంచనా చెప్పునప్పుడు నాకు తెలిసినంత పాలుకే చెప్పవలెను, నూటికి డెబ్బది పాళ్లను నూరుగా చెప్పరాదు. రెండు: చెప్పినదానిని వ్రాసియుంచి, తప్పినప్పుడు తప్పని ఒప్పుకొనవలెను. ఉత్తర కరొలైనాను మొదట నిలిపిన విలేఖరుల ఓట్లు నేటికిని అందరికి కనబడుచున్నవి. మార్కుల పుస్తకము చూచి నేను చెప్పిన మాటల చిట్టా ఎక్కడను లేదు. మూడు, అన్నిటికంటె ముఖ్యమైనది: నా అంచనావలన ఎవని తలుపును మూయరాదు. బలహీనుడని తోచినవానికి మంచి ఉపాధ్యాయుని ఇచ్చుట, అంచనాను బట్టి చేయవలసిన పని. బలహీనుడని తోచినవానికి పాఠమే మాన్పుట, అంచనాను తీర్పుగా చేయుట. వైద్యుడు జ్వరము కొలుచునది మందిచ్చుటకే గదా!

ఆ కళాశాలల పోటీయందు, ఎన్ని లోపము లున్నను, ఈ మూడవ నియమమునకు ఒక ఆధారము కలదు. విలేఖరులు కట్టిన వరుస యేదైనను, ఆట ఆడియే తీరవలెను. ఇరువది పాయింట్ల తేడాతో గెలుతురని అందరు చెప్పుచున్నను, బంతిని నడుమ ఎగురవేయునప్పుడు రెండు వైపుల పాయింట్లును సున్నయే. పదునారవ సంఖ్యవానిని ఆడకయే ఓడినట్లు ప్రకటించు నిబంధన లేదు. 135 ఆటలు ఒక్క తీరుగా జరిగిన పిమ్మటను, నూటముప్పదియారవ ఆట ఆడనిచ్చిరి. మన పిల్లలలో ఎందరికి మనము ఆ నూటముప్పదియారవ ఆటను ఆడనిచ్చుచున్నాము?

నైస్మిత్ కడపటి దినములకు ముందు, 1936లో, బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో తన ఆటను చేర్చుట కన్నులార చూచెను. అతడు కాన్సస్ విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా నున్న కాలమున అతని జట్టు గెలుపులకంటె ఓటములే ఎక్కువ. ఆటను సృష్టించినవానికే రేపటి యాట వశము కాలేదు. మన బిడ్డల రేపు మనకు వశమగునని మనము తలంచుట ఎంత సాహసము! అంచనా కట్టుకొందము, తప్పులు దిద్దుకొందము, కాని బంతిని వారి చేతినుండి మాత్రము తీసికొనక యుందము.